ఎర్ర గులాబీ, ఎండుమిర్చి ముక్కులు

ఒక గులాబీ పువ్వు మా ఇంట్లో ముగ్గురు మగవాళ్ల పరువు ఎలా తీసిందో చెబుతాను. ముగ్గురిలో ఎక్కువ పోగొట్టుకున్నది నేనే కనుక చెప్పే హక్కూ నాదే. నవ్వుకోండి, ఏమీ అనుకోను. కానీ మధ్యలో ఒకచోట నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను. అక్కడ మాత్రం మీరూ కాస్త ఆగాలి.

రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజులు. నరసరావుపేటలో మాది ఎండుమిర్చి వ్యాపారం. ముందు కొట్టు, వెనక ఇల్లు, రెంటికీ నడుమ బస్తాలు. మా వీధి మొదట్లో తుమ్ము అందుకున్నవాడు వీధి దాటేదాకా తుమ్ముతూనే ఉండేవాడు. మా నాన్న, పెదనాన్న, నేను మాత్రం తుమ్మేవాళ్లం కాదు. మా ముక్కులు అంత గట్టివని మాకు ఒకటే గర్వం. అవి గట్టిపడలేదనీ, ఎప్పుడో చచ్చి ఊరుకున్నాయనీ మాకు తెలియదు.

అలాంటి ఇంటికి సత్తెనపల్లి నుంచి నా భార్య సుభద్ర కాపురానికి వచ్చింది. వచ్చిన మర్నాటి నుంచి దగ్గు. కళ్లు ఎర్రబడేవి, అన్నం సయించేది కాదు. చూస్తుండగానే చిక్కిపోయింది. ఒకరోజు పెరట్లో కూర్చుని మెల్లగా అంది:

"మా పుట్టింట్లో గులాబీ ఉండేదండీ. పొద్దున్నే ఆ వాసనకే మెలకువొచ్చేది. అట్టాంటిది ఒక్కటుంటే ఈ ఇంటికి ఎట్టాగో అలవాటు పడతాను."

భార్య నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక. కొత్త మొగుడికి పూనకం రావడానికి అంతకన్నా ఏం కావాలి?

"ఒక్కటేంది! కొట్టు సంగతే మర్చిపోయేటట్టు చేస్తా చూడు!" అన్నాను.

రైలు స్టేషను అవతల సుగుణమ్మగారని, పని విరమించిన పంతులమ్మ ఉండేవారు. ఆదివారం చర్చిలో పెట్టే పువ్వులన్నీ ఆవిడ తోటవే. నేను మిట్టమధ్యాహ్నం వెళ్లి తలుపు కొట్టాను.

"ఎండెక్కింది గదా నాయనా, ఇప్పుడు వాసనేం తెలుస్తది?" అన్నారావిడ. "పొద్దున్నే మంచు ఆరకముందు రా. అరవిచ్చిన పువ్వు చూసుకుని నిదానంగా పీలిస్తే అప్పుడు తెలుస్తది."

"మాకంత సేపు అక్కర్లేదండీ. మిరపకాయ వాసన చూసి ఏ ఊరి పంటో చెప్పేవాళ్లం!"

అది పచ్చి అబద్ధం. మేం చెప్పేది రంగు చూసి. కానీ అది అబద్ధమని నాకే తెలియదు, ఇక ఆవిడకేం చెప్పను?

ఆవిడ నీళ్లు తేవడానికి లోపలికి వెళ్లారు. నేను తోటంతా కలయజూశాను. ఒక కుండీలో అరచేతంత పువ్వు, మా మొదటి రకం కాయలా నిగనిగలాడే ఎరుపు. మిర్చిలో రంగున్నదే సరుకు. గులాబీలోనూ అంతే కదా అనుకున్నాను. వంగి ఒకసారి ముక్కు ఆనించాను, మర్యాదకి.

"ఇదివ్వండమ్మా."

"వాసన చూశావా?"

"చూశానండీ. గుప్పుమంది!"

"గుప్పుమందా?"

"ముక్కదిరిపోయింది!"

ఆవిడ నా ముక్కు వంక ఒకసారి చూసి కుండీ చేతిలో పెట్టారు.

మా పెరట్లో కొత్త మొగ్గ విచ్చుకున్న రోజు ఇల్లంతా దాని చుట్టూ చేరింది. నేను ముందు వంగాను. "ఆహా!" అన్నాను.

నాన్న వంగాడు. "అబ్బో, చానా ఘనంగా ఉందిరా!"

పెదనాన్న అసలు వంగనే లేదు. "నాకు కొట్టుకాడికే వచ్చింది," అన్నాడు.

సుభద్ర పీల్చింది. మళ్లీ పీల్చింది. "నాకేం రావట్లేదండీ," అంది బిక్కమొహంతో.

"కోడలికి జలుబు చేసింది. మిరియాల కషాయం పెట్టవే!" అని నాన్న తీర్పు చెప్పాడు. అమ్మ పువ్వునీ, మా ముగ్గురి మొహాల్నీ చూసి వంటింట్లోకి పోయింది. పాపం సుభద్ర ఆ పూట లేని జలుబుకి కషాయం తాగింది.

దగ్గు తగ్గలేదు. అమ్మాయిని తీసుకుపోతానని సత్తెనపల్లి నుంచి మామగారు కబురు పంపారు. తీసుకుపోతే మళ్లీ ఈ ఘాటులోకి పంపుతారా? మర్నాడు తెల్లవారుతుండగా, ఈసారి పువ్వు తననే ఎంచుకోనిద్దామని సుభద్రను వెంటబెట్టుకుని సుగుణమ్మగారి తోటకి పరుగెత్తాను.

ఇదిగో, ఇక్కడే ఆగమన్నాను.

మంచు ఇంకా ఆకుల మీదే ఉంది. సుభద్ర కళ్లు మూసుకుని ఒక్కో పువ్వు దగ్గరా నిలబడింది. "ఇది లవంగం వాసన... ఇది తేయాకు... ఇది నిమ్మతొక్క..." అంటూ పోతోంది. సుగుణమ్మగారు ప్రతిదానికీ తలూపుతున్నారు. అన్నీ గులాబీలే! నేనూ వెనకే పీల్చుకుంటూ వెళ్లాను. నాకు తగిలింది చల్లగాలి ఒక్కటే. ఇంత పెద్ద లోకం నా ముక్కు ముందే ఉంటే, ఇన్నేళ్లూ అది లేనట్టే బతికానా?

గోడవారన ఒక చిన్న పువ్వు. వెలిసిపోయిన గులాబి రంగు, నలిగినట్టున్న రేకులు. పన్నీరు గులాబీ అన్నారు సుగుణమ్మగారు. ఊరికే ఇచ్చినా నేను తీసుకోను. సుభద్ర దాని దగ్గరకొచ్చి ఆగిపోయింది. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి, పెదవుల మీద నవ్వు. దగ్గూ లేదు, ఆయాసమూ లేదు. కాపురానికి వచ్చాక ఆ మొహం నేనెప్పుడూ చూడలేదు. నోరు తెరుచుకుని నిలబడిపోయాను. వాసన అంటే ఏమిటో ముక్కుతో కాక కళ్లతో చూశాను.

"సుభద్రా, నాకు వాసన తెలీదు," అన్నాను.

"మరి ఆ రోజు మామయ్యగారు?"

"నేనన్నానని అన్నాడు."

"పెద్దమామయ్యగారు?"

"నాన్న అన్నాడని."

"మీరు?"

"పువ్వు ఎర్రగా ఉందని."

సుభద్ర పడీపడీ నవ్వింది. సుగుణమ్మగారు నోటికి చెంగు అడ్డం పెట్టుకున్నారు.

మొగ్గతో ఉన్న పన్నీరు గులాబీ కుండీ ఇంటికి వచ్చింది. అది పూసిన రోజే మామగారు బండి కట్టుకుని దిగారు. నాన్న పువ్వు మీదకి వంగి పెదవి విరిచాడు.

"దీనికి వాసనేడుందిరా? ఆ ఎర్రదే నయం."

"ఎర్రదైతే కొట్టుకాడికే వచ్చేది," అన్నాడు పెదనాన్న.

మామగారు మాత్రం గుమ్మంలోనే నిలబడి గుండెల నిండా పీల్చారు. "పద తల్లీ, ఎండెక్కకముందే బయల్దేరదాం," అన్నారు.

సుభద్ర కుండీ పక్కన కూర్చుని లేవలేదు. "నేను పోతే, ఈ ఇంట్లో దీని వాసన చూసేవాళ్లెవరు నాన్నా?"

బండి ఖాళీగా వెనక్కి పోయింది. ఆ సాయంత్రమే నేను తూర్పుకి తిరిగి నిలబడి, సూర్యచంద్రుల సాక్షిగా ప్రమాణం చేశాను. ఈ జన్మకి ఈ ముక్కుని వాసన చూడ్డానికి వాడను. తర్వాత దానికి కళ్లజోడు మోసే ఉద్యోగం ఇచ్చాను. ఆ పని ఇప్పటిదాకా ఒక్క మాట పడకుండా చేస్తోంది.