డప్పు దించిన చోట

నా చిన్నప్పుడు, శ్రావణమాసంలో ఒకనాడు, ఉదయం సరిగ్గా ఏడు గంటలకు మా తాతయ్య పొయ్యి సెగకు డప్పు కాచుకుంటున్నాడు. మణుగూరు గని సైరన్ అప్పుడే మోగింది గనుక వేళ గుర్తుంది. ఆయన ఊరి చాటింపు మనిషి. ముసురు రోజుల్లో తోలు మెత్తబడి డప్పు మోగదు. గోదావరి పొంగుతోందని, సాయంత్రంలోగా అందరూ బడి గుట్ట మీదికి చేరాలని పంచాయతీ ఆఫీసు నుంచి కబురు వచ్చింది. డప్పు తడవకుండా గోనెపట్టా పట్టడం నా పని.

మొదట దారిలో ఉన్న రైతుల వీధికి వెళ్లాం. వాళ్లు కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. అరుగు మీద కాఫీ తాగుతున్న ఒకాయన నవ్వాడు.

"ఏటా ఇదే పాటేనా పెద్దాయనా? పోయినేడు చీలమండ కూడా తడవలేదు!"

"అవునండి బాబుగారూ, మీరు నడిచి పోతారండి. ఏటి ఒడ్డున మోటార్లకే కాళ్లు లేవు," అన్నాడు తాతయ్య. ఆ రైతు గ్లాసు కింద పెట్టి పాలేర్లను కేకేశాడు.

మా వాడకు వచ్చేసరికి ఆ అండీలు లేవు. "ఓ వదినె, ఇంక కూసున్నవేంది? గోదారి నీ ఇంటికి సుట్టమై వస్తాంది, కోడిని కోసి పెడ్తవా?"

"కోడినెత్తుకొనే పోత. నీ డప్పు కన్నా నీ నోరే ఎక్కువ మోగుతది!" అంటూ ఆమె గంప ఎత్తింది. వాడంతా నవ్వుతూనే మూటలు కట్టింది.

అంతలో వాగు ఎక్కుతోందని ఎవరో చెప్పారు. వాగు అవతల ఒక ఆదివాసీ గూడెం ఉంది. వాగు నిండితే వాళ్లకు వేరే దారి లేదు. మేం మోకాలి లోతు నీళ్లలో దాటాం. గూడెం మొదట్లో తాతయ్య ఆగి, డప్పు దించి తునికిచెట్టు కొమ్మకు తగిలించాడు.

"ఈడ కొట్టవా తాతా?"

"ఈ గూడెంల డప్పు మోగితే ఎవరో సచ్చిపోయిండ్రని లెక్క బిడ్డా. అడవికి పోయినోళ్లు గూడ ఈ మునిగే చోటికే ఉరికొస్తరు."

గూడెం పెద్ద తన ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. మొక్కజొన్న ఎట్లా ఉందని తాతయ్య అడిగాడు. నాకు ప్రాణం ఆగలేదు. "జల్దీ చెప్పు తాతా," అని చెవిలో అన్నాను.

"నీళ్లు ఇచ్చిండు. తాగకుండ చెప్తే ఇననే ఇనడు."

తాగాక, ఆయన ఒక్కడికే, వాళ్ల భాషలో మెల్లగా చెప్పాడు. గూడెం పెద్ద వాగు వైపు చూసి లేచాడు. తన వాళ్లకు తనే చెప్పాడు. ఎవరూ ఎందుకని అడగలేదు. పిల్లల్ని భుజాలకెత్తుకుని, మేకల్ని తోలుకుని నడుము లోతులో దాటారు. తాతయ్య కొమ్మకున్న డప్పును గోనెపట్టాలో చుట్టి తలమీద పెట్టుకున్నాడు. గూడెం పెద్ద అందరికన్నా చివర దాటాడు.

గుట్ట మీది నుంచి చూస్తే వాగు ఎక్కడో, గోదావరి ఎక్కడో తెలియలేదు. అంతా ఒకటే నీరు. పైన మాత్రం అందరం ఉన్నాం, ఒక్కరూ తప్పిపోలేదు. "ఇప్పుడు కొట్టవయ్యా!" అని కోడి గంప పెద్దమ్మ అరిచింది. గూడెం పెద్ద నవ్వి తలూపాకే తాతయ్య కొట్టాడు. రైతుల పిల్లలు, గూడెం పిల్లలు, నేను బురదలో అలిసిపోయేదాకా గంతులేశాం.

ఆ రోజు వార్త ఒక్కటే. ఎవరికి ఎట్లా చెబితే లేస్తారో తాతయ్యకు తెలుసు. నోరు తెరిచే ముందు ఎదుటి మనిషి ముఖం చూడడం నాకు అక్కడే అలవాటైంది. నిరుడు మా ఆయన పోయిన సంగతి వాళ్ల అక్కకు నేను ఫోన్లో చెప్పలేదు. ఇల్లందు వెళ్లి, ముందు ఆమె పక్కన కూర్చున్నాను.

ఇప్పుడు వరద కబురు ఫోన్లకు వస్తుంది, అందరికీ ఒకే మాటల్లో. మా ఊళ్లో చాటింపు వేయడం లేదు.