నీళ్ల పద్దు, ప్రహరీ గోడ

నిన్న వీధి కుళాయి దగ్గర ఎవరో అన్నారు, మంచినీళ్ల ట్యాంకు మరమ్మతుకని ఉంచిన డబ్బుని ఊరి ముఖద్వారానికి మళ్లిస్తున్నారట, అందరూ ఒప్పేసుకున్నారట. ఆ 'అందరూ' అన్న మాట వినగానే నాకు ఒళ్లు మండింది. నా ఈడువాళ్లకి తెలుసు, ఆ ఒక్క మాటతో ఎన్నిసార్లు మన నోళ్లు కట్టేశారో.

మా జాలరి ఊరి తరఫున నేను మండల పరిషత్తు సభ్యురాలిగా ఉన్న రోజులవి. రిజర్వేషను పుణ్యమా అని నిలబెట్టారు గాని, సంతకం పెట్టి ఇంటికి పోయే మనిషిననే అనుకున్నారు. అప్పటికే మా ఆయనకి కిడ్నీలు పాడై, డయాలసిస్‌కి పలాస తిప్పుతున్నాను. ఉద్దానంలో ఏ గడప తొక్కినా అదే జబ్బు. నూతినీళ్ల వల్లనో కాదో పెద్ద డాక్టర్లే తేల్చలేదు గాని, మాకు మంచినీళ్లు కావాలి, అంతే. బడ్జెట్టులో మా ఊరి ట్యాంకుకి డబ్బు పెట్టారని చెప్పిన రోజున ఆయన చాలా కాలానికి నవ్వాడు.

ఆ డబ్బునే మండలాఫీసు ప్రహరీ గోడకి మార్చాలని సభకి తెచ్చారు. ఒక పద్దు కింద పెట్టిన డబ్బు ఇంకో పద్దుకి పోవాలంటే సభ్యుల్లో సగం మందికి పైగా ఒప్పుకోవాలన్నది నిబంధన. మా సభ అలవాటు మాత్రం వేరు. ఆఫీసరు గబగబా చదువుతాడు, పకోడీలొస్తాయి, ఎవరూ నోరెత్తకపోతే అందరూ ఒప్పుకున్నట్టే. మా ఒడ్డున అలా కుదరదు. ఊరంతా కలిసి ఒడ్డుకి లాగే పెద్ద వల, అలివి వల లాగాక అమ్మోరి పేర తీసిన వాటాని ఇంకో పనికి వాడాలంటే, తాడు పట్టిన ప్రతివాడూ చెయ్యెత్తాలి, లేకపోతే కులపెద్ద కూడా ముట్టుకోడు. చేపలకున్న మర్యాద నీళ్లకి లేదా అనిపించింది నాకు.

"సంతకం ఎట్టీసి టీ తాగమ్మా," అన్నారు మండల ప్రెసిడెంటుగారు.

"మా ఒడ్డున సేసినట్టు సేద్దాం బావూ. ఒప్పుకున్నోలు సెయ్యెత్తండి," అన్నాను.

ఒకాయన చెయ్యి బల్ల దాటి లేచి, నా కళ్లు చూసి కిందికి దిగిపోయింది. పాపం, ఆయన తమ్ముడూ మా ఆయన పక్క మంచం మీదే డయాలసిస్‌కి పడుకునేవాడు. ఎవరి చెయ్యీ లేవలేదు. నీళ్ల డబ్బు నీళ్ల పద్దులోనే ఉండిపోయింది.

ఆ అక్కసు ప్రెసిడెంటుగారు ట్యాంకు మీద తీర్చుకున్నారు. ఈ సంతకం లేదని, ఆ కొలత తప్పని నెలల తరబడి పని నడవనివ్వలేదు. నేనూ వదల్లేదు, చెప్పులు అరిగేలా ఆ ఆఫీసు చుట్టూ తిరిగాను. చివరికి ట్యాంకు లేచింది. కుళాయి తిప్పిన నాటికి మా ఆయన లేడు. మొదటి బిందె నింపుకొచ్చి, ఎవరికి పొయ్యాలో తెలియక వాకిట్లో కూర్చుండిపోయాను.

ఇప్పుడు సభకి ఏసీ గది వచ్చింది, మెత్తని కుర్చీలొచ్చాయి. చెయ్యెత్తమంటే సెల్‌ఫోను చూసుకుంటూనే ఎత్తేస్తున్నారట. ఆ రోజుల్లో మనుషులకి కనీసం సిగ్గేసేది, ఆ సిగ్గు కోసం నాకింకా బెంగే. ఆలస్యమైనా నీళ్లొచ్చాయి కదా, ఇంకా ఆ కోపమెందుకని మా కోడలు అంటుంది. ఎందుకు పోతుంది? ఆ గోడ గొడవలో పోయిన నెలలు మా ఆయనవి.