రెండు గొట్టాల్లో ఒకే నెత్తురు

మిరపచేలల్లో పురుగుమందు కొట్టేవాళ్ల నెత్తురుకీ, చీరాల మగ్గాల మీద పనిచేసేవాళ్ల నెత్తురుకీ తేడా ఉందా అన్నది నా పరిశోధన. రెండువేల సంవత్సరం దాటిన తొలిరోజులు. దర్శి పక్క ఊళ్లలో, చీరాలలో నెత్తురు తీసుకుని, థర్మోకోల్ పెట్టెలో సర్దుకుని, హైదరాబాదు వెళ్లేదాన్ని. అక్కడి ఫ్లో సైటోమీటర్ అనే యంత్రం, మెరిసే రంగు పట్టించిన నెత్తురు కణాలను ఒక్కొక్కటిగా లేజర్ కాంతి ముందు నుంచి పోనిచ్చి, ఏది ఎంత మెరిసిందో నమోదు చేస్తుంది. ఒక్క మనిషికి వేలకు వేల కణాలు.

సగటులు చూస్తే రెండు గుంపులూ ఇంచుమించు ఒకటే. గ్రాఫు గీస్తే మాత్రం మందు కొట్టేవాళ్ల గీత కుడివైపుకు, ఎక్కువ మెరుపు వైపుకు, సాగింది. రెండు గీతలూ ఎక్కడ బాగా విడిపోయాయో కొలిచే పరీక్ష పెట్టాను. తేడా ఉందని కంప్యూటర్ ఖాయంగా చెప్పింది. "ఇంకేం, రాసెయ్యమ్మా" అన్నారు మా గైడు గారు.

రాయబోతూ, ఊరికే ఇద్దరు నేతగాళ్లను పోల్చి చూశాను. వాళ్ల మధ్యా తేడా ఉందంది! నా నెత్తురే తీయించి, రెండు గొట్టాల్లో పోసి తీసుకెళ్లాను. ఆ రెండూ వేరంది. అన్ని వేల కణాలుంటే వెంట్రుకవాసి తేడా కూడా ఆ పరీక్షకు కొండంత.

"అందరూ ఇలాగే చేస్తున్నారు కదమ్మా?" అన్నారు గైడు గారు.

"నా నెత్తురుకీ నా నెత్తురుకే తేడా ఉందంటోందండీ. ఎలా రాయను?"

"మళ్లీ మొదలుపెడితే ఏడాది పోద్ది."

"పోనివ్వండి."

మళ్లీ దర్శి బస్సెక్కాను. ఈసారి మనిషికి రెండు గొట్టాలు. మొదటిసారి నెత్తురిచ్చిన రైతొకాయన నన్ను చూడగానే అరిచాడు. "మళ్లీనా! నా ఒంట్లో ఏమన్నా బోరు వేశావా ఏంది?"

"మొదట నేను చూసిన పద్ధతి తప్పండీ" అన్నాను.

ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "తప్పని ఒప్పుకున్నావుగా. తీసుకో."

ఒకే మనిషి రెండు గొట్టాల మధ్య ఎంత ఎడం వస్తుందో ముందు కొలిచాను. అంతకు మించిన ఎడమే లెక్కలోకి. గుంపులను పోల్చేటప్పుడు కణాలను కాదు, మనుషులను లెక్కపెట్టాను. మునుపటి తేడాలో చాలా భాగం కొట్టుకుపోయింది. ఏళ్ల తరబడి మందు కొట్టినవాళ్లలో మాత్రం కొద్దిగా మిగిలింది. 'స్వల్ప తేడా' అనే రాశాను.

గైడు గారు కాగితం మీద 'స్వల్ప' అన్న మాట చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టారు. "ఇది తీసేస్తే బలంగా ఉంటుందేమో?"

"లేదండీ, ఉండాలి" అన్నాను. ఉంచారు.