సెవిల్‌లో గట్టిమేళం

ప్రత్తిపాడు గౌస్ బాషా డోలు కొడితే పక్క ఊరి దాకా వినపడుతుందని చెప్పుకుంటారు. ఒకప్పుడు అది మెచ్చుకోలు. ఏడాదిగా అది ఫిర్యాదు.

ఆయనది దూదేకుల కుటుంబం. తాత భుజాన విల్లు వేసుకుని ఊరూరా తిరిగి పరుపులకీ దిండ్లకీ దూది ఏకి ఇచ్చేవాడు. మిషన్లు వచ్చి ఆ పని పోయాక తండ్రి సన్నాయి మేళంలో చేరాడు. తండ్రి తర్వాత పెద్దకొడుకు అష్రఫ్ సన్నాయి అందుకుంటే చిన్నవాడు గౌస్ బాషా డోలు పట్టాడు. గుంటూరు నుంచి కనిగిరి దాకా ఈ అన్నదమ్ములు వాయించని కళ్యాణ మండపం లేదు. సీతారాముల పెళ్లికి ఏటా వీళ్లు రావలసిందే. తెల్లవారి నమాజు చేసుకుని, పెళ్లికూతురి నలుగు వేళకి వచ్చి కూర్చునేవాళ్లు. అందులో చెప్పుకోవలసిన వింత ఏముందో ఆ ఊళ్లలో ఎవరికీ తట్టదు.

పోయిన వానాకాలంలో అష్రఫ్ గుండె ఆగి చనిపోయాడు. ఖబరస్తాన్‌లో మట్టి వేసేటప్పుడు గౌస్ బాషా కళ్లలో తడి లేదు. మూడోనాటి జియారత్ ఫాతిహా అవగానే డోలు సంచిలో వేసుకుని చీరాలలో పెళ్లికి వెళ్లిపోయాడు. ఒప్పుకున్న మేళం మానకూడదన్నాడు. అన్న కూర్చునే చోట అన్న కొడుకు అస్లాం కూర్చున్నాడు. పిల్లలు లేని గౌస్ బాషా ఇంట్లో పెరిగినవాడే అతను. ఊదడం తండ్రి దగ్గర నేర్చుకున్నాడు, తాళం చిన్నాన్న దగ్గర.

ఆ పెళ్లి మొదలు గౌస్ బాషా డోలు తగ్గడం మానేసింది. నలుగుకీ అదే మోత, ఎదురుకోలుకీ అదే మోత, భోజనాల దగ్గరా అదే మోత.

పెళ్లిలో మేళానికి ఒక పని ఉంది. తాళి కట్టే క్షణాన పంతులుగారు చెయ్యెత్తి వేలు ఊపుతారు. వాయిస్తున్నది ఏదైనా సరే, అక్కడికక్కడ వదిలేసి బలమంతా పెట్టి గట్టిమేళం కొట్టాలి. ఎవరైనా తుమ్మినా, ఎవరి నోట కాని మాట వచ్చినా, ఎవరికైనా ఏడుపు ఆగకపోయినా అది పెళ్లికూతురి చెవిన పడకూడదు. అందుకే గట్టిమేళం. అది కాసేపు ఉండి పోయేది. గౌస్ బాషా మాత్రం అన్న పోయినప్పటి నుంచీ పెళ్లంతా గట్టిమేళమే కొడుతున్నాడు.

"చిన్నాన్నా, నా ఊపిరి నాకే వినపడట్లా," అన్నాడు అస్లాం ఒక పెళ్లి నుంచి తిరిగొస్తూ. "నేను ఊదేదెందుకు? నువ్వొక్కడివే పోయి కొట్టుకో."

"మీ నాన్న ఎప్పుడన్నా ఇట్టా అన్నాడేంట్రా?"

"నాన్నున్నప్పుడు నువ్విట్టా కొట్టావా?"

గౌస్ బాషా బస్సు కిటికీలోంచి మిరప కల్లాల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇంటికి పోయినా ఈ సంగతి చెప్పుకునే మనిషి లేడు. భార్య జానీబీ పొద్దున్నే మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయి పొద్దు గూకాక వస్తుంది. చెవులు సరిగ్గా వినపడవు. అదీ డోలు పుణ్యమే అంటుంది. ఆమెతో ఏదైనా చెప్పాలంటే అరవాలి. కొన్ని సంగతులు అరిచి చెప్పేవి కావు.

ఇంతలో సెవిల్ ప్రయాణం తగిలింది. తాడేపల్లిలో ఉండే సాయిలక్ష్మి కూతురికి పెళ్లి కుదిరింది. మగపెళ్లివాళ్లు ఉన్నవాళ్లు. స్పెయిన్ దేశంలో, సెవిల్ అనే ఊళ్లో పాత కోటలాంటి హోటలు ఒకటి చూసుకుని పెళ్లి అక్కడే అన్నారు. ఫొటోలు బాగుంటాయట. పంతులునీ వంటవాళ్లనీ మేళాన్నీ ఇక్కణ్ణుంచే తీసుకెళ్లారు. హైదరాబాదు విమానాశ్రయంలో డోలు లోపల ఏముందని అడిగితే గౌస్ బాషా "గాలి" అన్నాడు. దాంతో ఇంకాసేపు ఆపారు.

విమానంలో అస్లాం సంగతి తేల్చి చెప్పాడు. కనిగిరి డోలు జక్రయ్య ఈ సీజనుకి తనతో రమ్మని కబురు పెట్టాడు. "నువ్వు తగ్గి కొడతానంటే నీతోనే ఉంటా. లేదంటే కనిగిరి పోతా. తిరిగి ఇంటికెళ్లేలోపు ఏదోటి చెప్పు."

"పోతే పో," అన్నాడు గౌస్ బాషా. ఆ తర్వాత ఎంతసేపటికీ నిద్ర పట్టలేదు. అస్లాం పోతే డోలు అటక ఎక్కుతుందని ఆయనకు తెలుసు. ఈ వయసులో కొత్తగా ఎవరి పక్కన కూర్చుంటాడు?

పెళ్లి పగటి ముహూర్తానికి జరిగింది. నారింజ చెట్ల మధ్య పందిరి వేశారు. సాయిలక్ష్మి భర్త పోయిన మనిషి కనుక కన్యాదానం బావగారూ తోడికోడలూ చేశారు. ఆమె వెనకగా ఒక రాతిస్తంభం పక్కన నిలబడింది. పంతులు వేలు ఊపాడు. గౌస్ బాషా కొట్టిన గట్టిమేళానికి హోటలు వంటగదిలోంచి తెల్లటోపీల వాళ్లు ఏదో కూలిందనుకుని పరిగెత్తుకొచ్చారు. మగపెళ్లివాళ్లు ఈలలు వేశారు. అస్లాం సన్నాయి నోటి దగ్గర పెట్టుకునే ఉన్నాడు కానీ ఊదాడో లేదో పక్కనున్న చిన్నాన్నకే తెలియదు.

సాయంత్రం అందరినీ ఫ్లమెంకో అనే అక్కడి పాటా ఆటా చూపించడానికి తీసుకెళ్లారు. అక్కడ ఎండాకాలం పొద్దు ఎంతకీ గూకదు. సన్నటి సందు, తెల్ల గోడలు, కిటికీల్లో ఎర్రపూల కుండీలు. ఒకప్పుడు బొగ్గు కొట్టుగా ఉన్న గదట. లోపల ఒక చెక్క అరుగు, దాని ముందు కొయ్య కుర్చీలు నాలుగైదు వరసలు. అంతే. మైకు లేదు. పెళ్లి పనులు చూసే శ్రీకృష్ణ, తలుపు దగ్గరి మనిషి చెప్పింది తెలుగులో చెప్పాడు: "ఫోన్లు తియ్యొద్దంట. మాట్లాడొద్దంట. మనం చప్పట్లు కొట్టొద్దంట, వాళ్ల లెక్క తప్పుద్దంట."

పెళ్లికొడుకూ పెళ్లికూతురూ ముందు వరసలో కూర్చున్నారు. పిల్ల మెళ్లో పసుపుతాడు ఇంకా తడి ఆరలేదు. అస్లాం కుర్రవాళ్లతో పాటు మధ్య వరసలో దూరాడు. గౌస్ బాషా గోడకి ఆనుకుని ఆఖరి వరసలో కూర్చున్నాడు. ముందు చోటు ఖాళీగా ఉన్నా సాయిలక్ష్మి కూడా వచ్చి అక్కడే కూర్చుంది.

గిటారు పట్టుకున్న నడివయసు మనిషి, చప్పట్లు చరిచే బక్క మనిషి, నల్లగౌను వేసుకున్న పిల్ల, ఒక ముసలామె. ముసలామెకి నడుం వంగింది. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కుర్చీలో కూర్చుంది, రేషన్ షాపు దగ్గర వంతు కోసం కూర్చున్నట్టు. గిటారు మనిషి ఒక తీగని గట్టిగా లాగి వదిలాడు. ఆ చప్పుడుకి గౌస్ బాషాకి తాత దూదేకే విల్లు గుర్తొచ్చింది. నల్లగౌను పిల్ల లేచి కాళ్లతో చెక్క అరుగుని వాయించింది. ఆ మడమల లెక్క గౌస్ బాషాకి నచ్చింది. తొడ మీద వేళ్లతో మెల్లగా దాన్ని పట్టుకోవడం మొదలుపెట్టాడు.

అప్పుడు ముసలామె పాడింది. పాట కాదు, ముందు ఒక్క కూత. అడుగు నుంచి తవ్వుకొచ్చినట్టు గొంతు బొంగురుగా లేచి, చీలి, పైకి పోయి అక్కడ నిలబడింది. ముఖం వంకర తిరిగింది. కడుపుకోత పడిన ఆడమనిషి శవం ముందు ఏడ్చినట్టే ఉంది. ఎదురుగా అప్పుడే పెళ్లయిన పిల్ల కూర్చుని ఉంది.

గౌస్ బాషా ఆలోచించలేదు. ముందున్న ఖాళీ కుర్చీ వీపు మీద రెండు చేతులూ పడ్డాయి. గట్టిమేళం. చప్పట్లు కొట్టొద్దన్నారు, ఆయన చప్పట్లు కొట్టలేదు. ఆ కొయ్య కుర్చీ డోలుకన్నా బాగానే పలికింది.

గదంతా వెనక్కి తిరిగింది. గిటారు ఆగింది. బక్క మనిషి పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. తలుపు దగ్గరివాడు వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. కుర్రవాళ్లు పగలబడి నవ్వారు. ఒకడు "బాబాయ్, ఇక్కడ తాళి కట్టట్లేదు!" అన్నాడు. అస్లాం మాత్రం నవ్వలేదు, తల దించుకున్నాడు. ముసలామె ఆ చివరి వరస వైపు ఒకసారి చూసి, కళ్లు మూసుకుని, తెగిన చోట నుంచే మళ్లీ ఎత్తుకుంది.

ఆ పాట అయ్యేదాకా గౌస్ బాషా చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. జనం చప్పట్లు కొట్టేటప్పుడు సాయిలక్ష్మి ఆయన వైపు వంగింది.

"పొద్దున నేను ఏడ్చినప్పుడూ ఇంతేగా బాషాగారూ."

"మీరు ఏడ్చారా అమ్మా?"

"చూశారా. మీకే తెలవదు. పక్కన నిలబడ్డ మా ఆడపడుచుకీ తెలవలా. అంత బాగా కొట్టారు."

"వినపడకూడదనేగదమ్మా కొట్టేది."

"అవుననుకోండి. తప్పని అన్లా." ఆమె చీర కొంగు సర్దుకుంది. "ఆయన పోయినప్పుడు, పిల్ల భయపడుద్ది ఏడవబాకన్నారు. పొద్దున, శుభమా అని పెళ్లి జరుగుతుంటే ఏడవబాకన్నారు. ఈళ్లు చూడండి, టిక్కెట్టు కొనుక్కుని మరీ వచ్చి వింటన్నారు."

"ఆ ముసలామె ఎందుకేడుస్తుందో?"

"ఏమో. నాకూ ఒక్క ముక్క అర్థం కాలా."

అరుగు మీద గిటారు మనిషి తీగలు సరిచేసుకుంటున్నాడు. తర్వాత ఆమే అంది: "రేపు అప్పగింతలప్పుడు మీరు కొట్టబాకండి. ఆ అబ్బాయిని ఊదనీయండి చాలు."

"డోలు లేకుండా ఎట్టా అమ్మా?"

"మీ ఇష్టం. అడిగాను, అంతే."

రెండో పాటప్పుడు గౌస్ బాషా అరుగు వైపు చూశాడు. ముసలామె గొంతు ఎత్తగానే ఆడే పిల్ల కదలకుండా నిలబడిపోతోంది. బక్క మనిషి అరచేతులు గుల్లగా చేసి, వినీ వినపడనట్టు తడుతున్నాడు. పాట ఊపిరి తీసుకున్నప్పుడే పిల్ల మడమ పడుతోంది. ఇది ఆయనకు తెలియని విద్య కాదు. అన్న పక్కన ఉన్నన్నాళ్లూ తాను చేసింది ఇదే. అన్న ఆగే చోటు కోసం కాచుకుని ఉండి, అక్కడ మాత్రమే జవాబు చెప్పేవాడు. ఇప్పుడు ఆగే చోటు వస్తే అక్కడ అన్న ఉండడు. అందుకే ఆ చోటు రానివ్వడం లేదు. ఆ సంగతి తలలోకి వచ్చాక లేచి బయటికి పోవాలనిపించింది. తలుపు దగ్గరివాడు ఇటే చూస్తుంటే లేవలేక అలాగే కూర్చున్నాడు.

బయటికి వచ్చేసరికి సందులో ఇంకా ఎండ ఉంది. కుర్రవాళ్లు గోడల మీద గట్టిమేళం కొట్టి చూపించుకుంటూ ముందు నడిచారు. అస్లాం వెనకబడి, "పరువు తీశావు చిన్నాన్నా," అన్నాడు. హోటలు దాకా ఎవరి నడక వాళ్లదే.

మర్నాడు అప్పగింతలు. ఇత్తడి పళ్లెంలో పాలు పోశారు. పెళ్లికూతురి చేతులు పాలలో ముంచి అత్తగారి చేతుల్లో పెట్టాలి. ఇదైనా తల్లి చేతుల మీదుగానే కావాలని పిల్ల పట్టుబట్టింది. పంతులు ఏదో సణిగి ఊరుకున్నాడు. సాయిలక్ష్మి ముందుకొచ్చింది. అస్లాం సన్నాయి ఎత్తాడు.

గౌస్ బాషా వేళ్లకు తొడుగులు వేసుకుని, ఒళ్లో డోలు పెట్టుకుని, కర్ర పక్కన పెట్టేశాడు. వీడియో తీసేవాడు డోలు సౌండు రావట్లేదన్నాడు. శ్రీకృష్ణ దూరం నుంచి చేత్తో సైగ చేశాడు: కొట్టు, కొట్టు. గౌస్ బాషా చూడనట్టు ఊరుకున్నాడు.

సాయిలక్ష్మి ఏడ్చింది. ముందు చిన్నగా, తర్వాత దాచుకోకుండా, పెద్దగా. బంధువులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఊరుకో, ఊరుకో" అంటూ తోడికోడలు భుజం పట్టుకోబోతే ఆమె విదిలించుకుంది. సన్నాయి ఆ ఏడుపు పక్కనే, దాన్ని తొక్కకుండా సాగింది. ఒక చోట అస్లాం ఊపిరి కోసం ఆగాడు. మామూలుగా డోలు పడే చోటు అది. గౌస్ బాషా చెయ్యి లేచి చర్మం మీదికి వెళ్లి, తాకకుండా ఆగిపోయింది. ఆ ఖాళీలో నారింజ చెట్ల మీది పిట్టలు, పళ్లెంలో పాల చప్పుడు, అస్లాం ఊపిరి పీల్చుకోవడం వినపడ్డాయి. అస్లాం ఓరకంట చూసి మళ్లీ అందుకున్నాడు.

పెళ్లికూతురు ఎక్కిన కారు వెళ్లిపోయాక అందరూ కాఫీలకి పోయారు. అస్లాం సన్నాయి నోటి పీకని తుడిచి డబ్బాలో పెట్టాడు.

"జక్రయ్య మామకి ఫోన్ చేసి రానని చెప్తా," అన్నాడు.

"చెప్పు."

"మళ్లీ ఊళ్లోకి పోయాక మొదలెడతావేమో."

"మొదలెడితే అప్పుడే పోరా కనిగిరి. ఎవడు పట్టుకున్నాడు నిన్ను?" గౌస్ బాషా డోలు పట్టీలు వదులు చేశాడు. ఆ పని ఎప్పుడూ తొందరగా అయ్యేది, ఈసారి చాలాసేపు పట్టింది. "ఊపిరి తీసుకునేటప్పుడు ముక్కుతో చిన్నగా చప్పుడు చేస్తన్నావు. మీ నాన్న చేసినట్టే."

"ఎప్పుడూ చేస్తానుగా. నాన్న తిట్టేవాడు కూడా."

"నాకు ఇయ్యాలే వినపడింది."

అస్లాం కాఫీ తెస్తానని వెళ్లాడు. గౌస్ బాషా వేళ్ల తొడుగులు ఒక్కొక్కటే తీసి గుడ్డలో చుట్టాడు. ఖాళీ పందిరి కింద, పూలు తొక్కుడుపడిన తివాచీ మీద, డోలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అస్లాం తెచ్చిన కాఫీ పక్కనే చల్లారింది.