చింతగింజలు కట్టిన బట్ట

రెండు వారాల క్రితం, మంగళవారం పొద్దున, సిరిసిల్లలో మా చిన్నమ్మ చనిపోయింది. కిడ్నీల జబ్బు. ఏడాదిగా డయాలసిస్ కోసం కరీంనగర్ వెళ్లి వస్తుండేది.

ఆమె ఇంట్లోనే మిషన్ పెట్టుకుని వాడకట్టు ఆడవాళ్లకు జాకెట్లు కుట్టేది. ఆ పని అయ్యాక ఎవరూ అడగని బట్టలు కుట్టేది. ఒక చొక్కాకు కుట్లన్నీ పైకే ఉంచి, అంచుల పోగులు వేలాడదీసింది. పక్కింటామె "మరిచినవా అక్కా?" అంటూ వాటిని పళ్లతో కొరకబోయింది. "ఆగవే, అదే దాని సోకు!" అని చిన్నమ్మ గుంజుకుంది.

ఆమె భర్త, మా చిన్నబాపు, సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, నేసే పాలిస్టర్‌ను మా ఊళ్లో ఎవరూ గొప్పగా చెప్పుకోరు. దానితో ఏం చేయవచ్చో చిన్నమ్మ ఫోన్లో ఒక వీడియో చూసి నేర్చుకుంది. బట్టలో ఒక్కో చింతగింజ పెట్టి దారంతో బిగించి కట్టేది. అలా వందల గింజలు కట్టి ఇడ్లీ గిన్నెలో ఆవిరికి పెట్టేది. చల్లారాక విప్పితే గింజలు రాలిపోయేవి, బుడిపెలు నిలిచేవి. ఉతికినా పోయేవి కావు. నూలు బట్టతోనూ చేసి చూసింది. మొదటి ఉతుకుకే చదునైంది.

"నూలుకు మతిమరుపు బిడ్డా. గిది యాదికుంచుకుంటది," అనేది.

"మా ఇంట్ల ఇడ్లీలు బంద్. ఇప్పుడు అంగీలు ఉడుకుతున్నయి," అనేవాడు చిన్నబాపు.

ఆమె కోరిక ఒక్కటే. ఆ బట్ట ఎవరైనా తొడుక్కుని నలుగురిలోకి వెళ్లాలి. వాడకట్టులో ఒకామె చూసి "పనసకాయ లెక్కున్నది" అని నవ్వింది. "ముట్టి చూడు, గుచ్చదు," అంది చిన్నమ్మ. ఆమె ముట్టింది కానీ తొడుక్కోలేదు. నేను తొడుక్కుంటానన్నాను. రెండు నెలలు కూర్చుని నాకొక కోటు కుట్టింది.

మంచిర్యాలలో ఒక పెళ్లికి వేసుకోవాలని తీసుకెళ్లాను. సంచిలో నలిగిందని ఇస్త్రీకి ఇచ్చాను. ఇస్త్రీ చేసే ఆయన నీళ్లు చల్లి, ఒక్క బుడిపె మిగలకుండా చదును చేశాడు. "ముడుతలు మస్తు సతాయించినయి మేడం," అని మడతపెట్టి ఇచ్చాడు. తప్పు ఆయనది కాదు. నేను చెప్పలేదు.

చిన్నమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె కోటును ఒళ్లో పరిచి రెండు చేతులతో తడిమింది.

"మంచిగ చేసిండు. ఒక్కటి గూడ ఇడ్వలే," అని నవ్వింది. ఆ తర్వాత, "ఇంకోటి చేస్త. జర గీసారి ఇస్త్రీకియ్యకు," అంది.

అప్పటికే ఆమె వేళ్లు వాస్తున్నాయి. అది చూశాను. వద్దనలేదు.

పదకొండో రోజు కార్యం అయ్యాక ఆమె మిషన్ ఉన్న గదిలోకి వెళ్లాను. రెండో కోటు బట్ట నేల మీద పరిచి ఉంది. సగం వరకు గింజలు కట్టి ఉన్నాయి. మిగతా సగంలో సుద్దముక్కతో పెట్టిన చుక్కలే ఉన్నాయి. చిన్నబాపు పక్కన కూర్చుని కడుతున్నాడు. ఆయన వేస్తున్నది సాంచ మీద తెగిన పోగును అతికే ముడి. చిన్నమ్మ ముడి కన్నా చిన్నది, గట్టిది.

"ఎంతసేపు పెడుతుండె బిడ్డా, ఆవిరికి? నీకేమన్న చెప్పిందా?" అని అడిగాడు.

ఇరవై రెండేళ్లుగా మనుషులను ప్రశ్నలు అడగడమే నా ఉద్యోగం. ఆమెను ఆ మాట ఎన్నడూ అడగలేదు.

"తెల్వదు చిన్నబాపు," అన్నాను.

ఆయన తల ఊపాడు. ఇంకో గింజ తీసి సుద్ద చుక్క కింద పెట్టాడు. బట్టను దాని మీదికి దగ్గరగా లాగి, దారం కొసను పళ్లతో పట్టుకుని బిగించాడు.