తడి చద్దరుకు రెండో కొస

మా మామ పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను అన్నం తింటున్నాను. అత్తగారిల్లున్న కార్వాన్ నుంచి వాళ్ల పక్కింటాయన సైకిల్ మీద వచ్చి, గుమ్మం బయటే నిలబడి, "మీ మామ పాణం ఇడిసిండు సార్. పొద్దుగాల లేపితే లేవలే" అన్నాడు. నా భార్య కంచం ముందు నుంచి లేచి గోడకు ఆనుకుని ఏడ్చింది. నేను చెయ్యి కడుక్కుంటుంటే సబ్బు వాసనకు బదులు కోళ్ల రెట్ట వాసన ముక్కుకు తగిలింది. పిల్లనిచ్చిన మామ పోతే అల్లుడికి ముందుగా గుర్తురావలసింది ఇదా అని మీరు అనుకోవచ్చు. ఆయన్ని ఎరిగినవాళ్లెవరూ అనుకోరు.

మేము వెళ్లేసరికి గల్లీ అంతా అక్కడే ఉంది. "దేవునసుంటి మనిషి" అని ఒకరిని మించి ఒకరు పొగుడుతున్నారు. ఎదురింటి పెద్దమ్మ మా అత్తమ్మ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని, "నాకు నీ చేతి తిండి అలవాటు జేసి పోయిండు గదనే" అని రాగం తీస్తోంది. నాకు రోత పుట్టింది. చావు ఇంట్లో అలా అనిపించకూడదు, కానీ అనిపించింది. ఆ చేతుల్ని ఆ పెద్దమ్మ ముట్టుకోని రోజులు నేను చూశాను.

ముందు నా సంగతి చెప్పాలి. నాకు పుట్టుకతోనే రోత ఎక్కువ. ఎవరైనా అన్నం దగ్గర చీదితే నాకు ముద్ద దిగదు. బస్సులో పక్కవాడి నూనె తల భుజానికి ఆనితే ఇంటికి పోయి స్నానం చేస్తాను. అలాంటివాడికి దేవుడు వెతికి వెతికి ఆ మామనే ఇచ్చాడు. ఆయన కంచన్‌బాగ్‌లో ఒక ఫ్యాక్టరీలో క్రేన్ నడిపేవారు. గోళ్ల కింద నల్ల గ్రీజు ఎప్పుడూ పోయేది కాదు. ఆ చేత్తోనే పప్పు కలిపేవారు, ఆ చేత్తోనే "తిను అల్లుడా, సిగ్గుపడకు" అంటూ నా కంచంలో మాంసం ముక్క వేసేవారు. జర్దా పాన్ నమిలి కిటికీలోంచి ఉమ్మేవారు. అది కిటికీ దాటిన రోజు నేను చూడలేదు. పెళ్లయిన కొత్తలో పండక్కి అత్తగారింటికి వెళ్లడమంటే నాకు ఉపవాసమే.

ఆయన గ్రీజు బట్టలు ఉతికి ఉతికి మా అత్తమ్మ చేతులు పాడయ్యాయి. మామూలు సబ్బుకు ఆ జిడ్డు లొంగేది కాదు. సోడా వేసి ఉడకబెట్టి బండ మీద రుద్దాలి. ఏళ్ల తరబడి రుద్దేసరికి వేళ్ల సందుల్లో చర్మం పగిలి, రసి కారి, పొలుసులు లేచేవి. అంటుకునే రోగం కాదనీ, చేతులు సబ్బునీళ్లలో పెట్టకపోతే అదే తగ్గుతుందనీ ఆసుపత్రిలో చెప్పారు. గల్లీ మాత్రం వేరేగా చెప్పుకుంది. కొందరు గజ్జి అన్నారు. ఎదురింటి పెద్దమ్మ గొంతు తగ్గించి, పెద్దరోగం, అంటే కుష్టు, అంది.

ఆ ఏడు సద్దుల బతుకమ్మ నాడు మేము అక్కడే ఉన్నాం. ఆడవాళ్లు బతుకమ్మ ఆడాక ఇంటింటి నుంచి తెచ్చిన పులిహోర, పెరుగన్నం వంటి సద్దులు, మలీద ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుని తింటారు. రొట్టెల్ని బెల్లంతో కలిపి చేత్తో బాగా మెదిపి కట్టే ముద్దలు మలీద. కోడలుగా వచ్చినప్పటి నుంచి ఆ గల్లీలో మా అత్తమ్మ మలీదకు పేరు. ఆ సాయంత్రం ఆమె నిండు పళ్లెం పట్టుకుని వెళ్లి, నిండు పళ్లెంతోనే తిరిగి వచ్చింది. ఎవరూ తిట్టలేదట. "వద్దక్కా, కడుపు నిండింది" అన్నారంతే.

మామ మెట్ల మీద కూర్చుని ఉన్నారు. పళ్లెం చూశారు, ఆమె మొహం చూశారు. పళ్లెం లాక్కుని ముద్ద తర్వాత ముద్ద తినడం మొదలుపెట్టారు. ఊపిరాడనంత తిన్నారు. మధ్యలో నావైపు ఒక ముద్ద చాచారు. తిన్నాను. విచిత్రంగా నాకు ఆ ముద్ద మీద రోత పుట్టలేదు. కడుపు నిండిందన్న ఆ నోళ్ల మీద పుట్టింది.

మర్నాటి నుంచి ఇంటి బట్టలన్నీ తానే ఉతుకుతానని కూర్చున్నారు. చీరలు ఉతికే మగవాణ్ణి చూసి గల్లీ నవ్వింది. అత్తమ్మకు తల కొట్టేసినట్టయింది. ఆయన డ్యూటీకి పోగానే తలుపు వేసుకుని మళ్లీ తానే సోడా నీళ్లలో చేతులు పెట్టేది.

"మనిషి ఉతికితే నవ్వుతుండ్రు. మిషిన్ ఉతికితే ఎవడు నవ్వుతడు?" అన్నారు మామ.

అప్పట్లో మావంటి ఇళ్లలో బట్టలుతికే మిషిన్‌ను కళ్లతో చూసినవాళ్లే లేరు. ఫ్యాక్టరీలో ఎవరో చెబితే ఆయన నన్ను వెంటబెట్టుకుని బార్కస్‌లో ఒక ఇంటికి వెళ్లారు. ఆ ఇంటివాళ్ల బంధువు ఒకరు చాలా ఏళ్ల కిందట సముద్రం అవతలి నుంచి ఒక మిషిన్ పంపించాడట. పైన మూత, లోపల తెల్ల తొట్టి, తొట్టి నడుమ రెక్కల కంబం. మన కరెంటు దానికి పడక మొదటి రోజే మోటారు కాలిపోయింది. అప్పటి నుంచి పెరట్లోనే పడి ఉంది. నేను తొంగిచూస్తే తొట్టిలో కోళ్లు పొదుగుతున్నాయి. ఇంటి పెద్దాయన గడ్డం నిమురుకుంటూ, "లే జావ్ భాయ్. మగర్ పైలే ముర్గియా కో పూఛ్ లేవ్" అన్నాడు. తీసుకుపో గానీ ముందు కోళ్లను అడుగు అని. అడిగే అవసరం రాలేదు. ఒకటి నా చేతిని పొడిచి ఎగిరిపోయింది.

మిషిన్‌ను రిక్షాలో తెచ్చి వెనక వాకిట్లో దించారు. ఆ రోజుతో నా అల్లుడి మర్యాద ముగిసింది. సెలవు దొరికితే చాలు, "జర ఒచ్చిపో అల్లుడా" అని కబురు. ముందు గట్టిపడిన రెట్టను పారతో గీకాం. తర్వాత నడుమ కంబం ఊడదీశాం. దాని కింద ఉన్నది చెప్పకుండా ఉండలేను, క్షమించండి: నల్లగా జారే సబ్బు బురద, జుట్టు ఉండలు, ఎండిపోయిన బల్లి, ఎప్పుడో పగిలి కుళ్లిన గుడ్డు. నేను పక్కకు పోయి వాంతి చేసుకున్నాను. తిరిగి వచ్చేసరికి ఆయన అందులో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఉన్నారు.

"నా చెయ్యి లావున్నది, గా సందుల పోతలేదు. నీది సన్నగున్నది, పెట్టు."

"మామా, నాతోని కాదు."

"కండ్లు మూస్కో అల్లుడా. చేతికేం ఎరుక?"

కళ్లు మూసుకున్నాను. చేతికి అన్నీ ఎరుకే.

ఆయనకు ఈ పని వచ్చనుకోకండి. క్రేన్ నడపడం వేరు, ఇది వేరు. విప్పినదాన్ని మళ్లీ బిగించలేక వారాల తరబడి తిట్టుకుంటూ కూర్చునేవారు. పాత సామాన్ల కబాడీ నుంచి పిండిగిర్ని మోటారు తెచ్చి బిగిస్తే మిషిన్ గడగడ వణుకుతూ వాకిలి దాటి మురుగునీళ్ల మోరీ దాకా నడిచింది. చిన్న మోటారు తెచ్చాక నిలబడి తిరిగింది. ఆ సంబరంలో తొట్టిలో మొదట వేసింది పండక్కి నేను కుట్టించుకున్న తెల్ల చొక్కా. అది అడుగు నుంచి కారిన నల్ల నూనె మరకలతో, కోడి వాసనతో బయటికి వచ్చింది. "ఉతికింది గదా!" అని ఆయన చప్పట్లు కొట్టారు. చివరికి చేతిపంపుకు వేసే తోలు వాషర్ కోసి బిగిస్తే ఆ కారడం ఆగింది.

బట్టలు పిండే భాగం మాత్రం ఎంత తన్నుకున్నా పని చేయలేదు. కాబట్టి పిండడం మనుషుల పని. అత్తమ్మ పొడి చేతులతో బట్టలు లోపల వేయాలి, అంతే. తడి బట్ట ముట్టుకుంటే మామ కేకలు వేసేవారు. చద్దరుకు ఒక కొస ఆయన పట్టుకుంటే, రెండో కొస ఆ వేళకు ఎవరు కనిపిస్తే వాళ్లు. ఎక్కువసార్లు నేనే. ఆయన అటు తిప్పితే నేను ఇటు తిప్పాలి. నేను పరధ్యానంగా ఆయన తిప్పిన వైపే తిప్పితే, "గిట్ల తిప్పితే సంక్రాంతికన్న ఎండుతదా?" అనేవారు. తన ఫ్యాక్టరీ బట్టలను మాత్రం ఆ తొట్టిలో ఒక్కసారి కూడా వేయనివ్వలేదు. "గా గ్రీజుతోనే గదా ఇదంత అయింది" అని వాటిని తానే బండ మీద రుద్దుకునేవారు.

మరుసటి బతుకమ్మ నాటికి అత్తమ్మ వేళ్లు మానాయి. చర్మం నున్నగా వచ్చింది. ఆమె మళ్లీ మలీద కట్టుకుని వెళ్లింది. ఈసారి కూడా అందరి కడుపులూ నిండే ఉన్నాయి.

చలికాలం పోతుండగా అదే ఆడవాళ్లు మాసిన చద్దర్ల మూటలతో మా వాకిట్లోకి వచ్చారు. ముందు ఎదురింటి పెద్దమ్మ.

"మస్తు మాసినయ్ కొడుకా, జర మిషిన్ల వేస్తవా?"

"ఎందుకెయ్యను, వేస్త. ముందుగాల లోపటికి పోయి ఆమె చేతి మలీద తిని రా" అన్నారు మామ.

"ఇప్పుడే తిన్న, కడుపు నిండింది."

"అయితే కడుపు ఖాళీ అయినంక రా. మిషిన్‌కు తొందర లేదు."

పెద్దమ్మ మూట వైపు చూసింది, బండ వైపు చూసింది, లోపలికి వెళ్లింది. తిన్నది. తర్వాత గోడ చాటుకు పోయి మోరీలో ఉమ్మింది. నేను చూశాను. ఆమె మూట విప్పితే ఉచ్చ కంపు, చీమిడి అట్టలు. అత్తమ్మ ముక్కు కూడా మూసుకోకుండా వాటిని ఒక్కొక్కటే తొట్టిలో వేసింది. అంత అసహ్యం నాకు ఆ కోళ్ల రెట్టలో కూడా కలగలేదు.

"ఉమ్మింది మామా, నా కండ్లతోని చూసిన" అన్నాను.

"ఎంత ఉమ్మినా జరంతన్న మింగకపోతదా?" అన్నారు పాన్ నములుతూ.

అత్తమ్మ ఊరుకోలేదు. "గిట్ల బలిమికి తినిపించుడేంది? నా ఇజ్జత్ తీస్తున్నవ్. మనసుల ఉంటే తింటరు, లేకుంటే లేదు" అని లొల్లి పెట్టుకుంది.

"నోరు అలవాటు కానీ. మనసు సంగతి ఎన్కసిరి చూద్దాం" అన్నారు.

ఆమె కోపం కొన్నాళ్లు తగ్గలేదు. మలీద కట్టడం మాత్రం మానలేదు. ఆదివారాలు మూటలు వస్తూనే ఉన్నాయి, ఒక్కో మూటకు ఒక్కో ముద్ద లోపలికి పోతూనే ఉంది. మొహం తిప్పుకుని తిన్నవాళ్లు, గుటుక్కున మింగినవాళ్లు, అందరినీ నేను రెండో కొస పట్టుకుని చూస్తూ నిలబడ్డాను.

ఒక ఆదివారం పెద్దమ్మ ఉత్త చేతులతో వచ్చింది.

"ఇయ్యాల కరెంటు లేదు పెద్దమ్మా" అన్నారు మామ.

"కరెంటుతోని నాకేం పని? ఇంత మలీద ఉన్నదా అని ఒచ్చిన."

అత్తమ్మ తడబడుతూ లోపలికి పోయి తెచ్చింది. పెద్దమ్మ అరుగు మీద కూర్చుని తిని, వేళ్లు నాకింది. మామ నావైపు చూసి కన్ను గీటారు. ఆ ఏడు సద్దులకు పళ్లెం ఖాళీగా తిరిగి వచ్చింది. మాకు ఒక్క ముద్దా మిగల్లేదు.

కాబట్టి చావు ఇంట్లో పెద్దమ్మ అన్నది అబద్ధం కాదు. మామ ఆ ఉమ్మిని ఎప్పుడో మరిచిపోయారు. నేను మరిచిపోలేదు, మరిచిపోవాలని కూడా లేదు. కానీ నా కూతురు పుట్టినప్పుడు దాని మురికి గుడ్డలు ఈ చేతులతోనే కడిగాను. నన్ను చూసి మా వాళ్లు ఆశ్చర్యపోయారు. ఎవరు నేర్పారో నేను వాళ్లకు చెప్పలేదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను.

దినాలు అయిపోయిన మర్నాడు, ఆయన బట్టలన్నీ ఆనవాయితీ ప్రకారం ఇచ్చేశాక, మిషిన్ వెనక మేకుకు ఒక ఖాకీ చొక్కా మిగిలి కనిపించింది. కాలర్ నల్లగా ఉంది, జేబు మీద పాన్ మరక. అత్తమ్మ దాన్ని తీసి, అటక మీది సోడా డబ్బా దించి, బకెట్ ముందు కూర్చుంది. నా భార్య పరుగెత్తుకొచ్చింది.

"అమ్మా, చేతులు! మిషిన్ల వేద్దాం తియ్."

"గ్రీజు బట్టలు మిషిన్ల వెయ్యద్దన్నడు గదనే మీ బాపు."

"అయితే నేను ఉతుకుత."

"జరుగు. ఇదొక్కటి నాది."

రెండు చేతులూ మణికట్ల దాకా సోడా నీళ్లలో పెట్టి రుద్దింది. చాలాసేపు రుద్దింది. నీళ్లు నల్లబడ్డాయి గానీ కాలర్ మరక పోలేదు. అప్పుడు లేచి, చొక్కాకు ఒక కొస తాను పట్టుకుని, రెండో కొస నాకేసి చాచింది. దానికి ఇంకా చెమట, జర్దా, గ్రీజు వాసన వస్తూనే ఉంది. పట్టుకున్నాను. కళ్లు మూసుకోలేదు. ఆమె అటు తిప్పింది, నేను ఇటు తిప్పాను. నల్లనీళ్లు మా ఇద్దరి చేతుల మీదుగా కారి, వాకిలి దాటి, మోరీ దారి పట్టాయి.