చీకట్లో, నీటిపైన: హాలిఫాక్స్‌లో మా జలాంతర్గామి తగాదా

ముందుగా ప్రపంచంలోని నౌకాదళాధిపతులందరికీ, చరిత్ర ఆచార్యులకూ సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. రెండో ప్రపంచ యుద్ధాన్ని కెనడాలో, టొరంటో దగ్గరి మిల్టన్‌లోని ఒక టౌన్‌హౌస్ బేస్‌మెంట్‌లో కూర్చుని సరిదిద్దబోయింది మేమే.

మేమంటే నేనూ, నా రూమ్మేట్ సందీప్. వారమంతా మార్కమ్‌లో ఉద్యోగం, వారాంతంలో సొంతంగా ఒక కంప్యూటర్ గేమ్. కెనడా నుంచి ఇంగ్లండుకు సరుకు ఓడలు గుంపుగా వెళ్తుంటాయి, జర్మన్ జలాంతర్గాములు రాత్రిపూట దాడి చేస్తాయి. ఆ దాడి భాగం నాది. నా జలాంతర్గామి బుద్ధిగా నీళ్లలో మునిగి, పెరిస్కోప్ పైకెత్తి టార్పెడో వదులుతుంది. అది తప్పని, రాత్రిళ్లు అవి నీటిపైన తేలుతూనే దాడి చేసేవని సందీప్ వాదన. తేలేదాన్ని జలాంతర్గామి అనడమెందుకని నేను వెటకారమాడాను. వాడు నవ్వలేదు. “అట్లనే పెడితే గేమ్‌లకెల్లి నా పేరు తీసెయ్. నేనిగ చెయ్య,” అన్నాడు. గేమ్‌లో సముద్రమంతా వాడు రాసిందే. వాడు పోతే నాకు మిగిలేది ఎండిన గొయ్యి, అందులో ఓడలు.

అలా తగాదా తేల్చుకోవడానికి ఒక జులై శనివారం, యుద్ధంలో ఆ ఓడలు బారులు తీరిన తూర్పు తీరపు రేవు హాలిఫాక్స్‌కు బయల్దేరాం. టొరంటో నుంచి విమానంలో రెండు గంటలు. గడియారం ఒక గంట ముందుకు తిప్పుకోవాలి. ఇక్కడి లాబ్‌స్టర్ తినడానికి వచ్చారా అని టాక్సీ డ్రైవర్ అడిగాడు. జలాంతర్గాముల కోసమన్నాం. చాలా ఆలస్యంగా వచ్చారని విచారం వ్యక్తం చేశాడు.

మధ్యాహ్నం హార్బర్‌లో, సందర్శకుల కోసం ఉంచిన ఆ కాలపు కాపలా ఓడ ఎక్కాం. నీటి అడుగున ఉన్నదాన్ని శబ్దంతో పట్టే పరికరం దాంట్లో ఉంది. పైన తేలేదాన్ని అది సరిగా పట్టలేదట. పైగా మునిగిన జలాంతర్గామి సరుకు ఓడ కంటే కూడా మెల్లగా నడుస్తుంది, తేలితే దాన్ని సులువుగా దాటేస్తుంది. తర్వాత రాడార్ వచ్చాక ఈ ఆటలు సాగలేదనుకోండి. అంతా విని కూడా, చీకట్లో కాపలావాడికి కళ్లుండవా అన్నాను.

తొమ్మిది దాటి పొద్దుగుంకాక సిటీ బస్సులో ఊరి దక్షిణపు కొసనున్న పార్కుకు వెళ్లాం. నేను గట్టు మీద కాపలా. నల్ల జాకెట్ వేసుకుని సందీప్ జలాంతర్గామి వేషంలో కింద నీటి అంచుకు దిగిపోయాడు. కళ్లు చించుకుని చూశాను. నీళ్లు, రాళ్లు, అంతా ఒకటే నలుపు. ఫోన్ మోగింది.

“మెడ ఎందుకు గోక్కుంటున్నవ్?”

“ఎక్కడున్నావురా?”

“నీ ముందలనే. నీ వెనక ఆకాశముంది, నా వెనక నీళ్లున్నయ్. గంతే తేడా.”

వాడు టార్చ్ వేశాకే కనిపించాడు, విసిరితే రాయి తగిలేంత దూరంలో. ఆ యుద్ధంలో ఓడల మీద ఇలాంటి ఎత్తున, చలిగాలిలో, ఏమీ కనిపించని నీళ్లకేసి రాత్రంతా చూస్తూ నిలబడ్డవాళ్లున్నారు. కళ్లు లేక కాదు. వాళ్లు ఎత్తున ఉన్నారు, అవతలివాడు కింద ఉన్నాడు. నా గేమ్‌లో వాళ్లను మొద్దుల్లా రాశాను.

వెళ్లేవారికి ఒక సలహా: జులైలోనైనా జాకెట్ మర్చిపోకండి, కాపలా పనికైతే రెండు.

పైన అన్నిచోట్లా ‘మేము’ అని రాశాను. టికెట్లు కొన్నది, బస్సు వెతికింది, ఆ గట్టు కనిపెట్టింది సందీపే. నేను చేసిన పని ఒక్కటే. తిరుగు విమానంలో వాడు నిద్రపోతుంటే, గేమ్ చేసినవాళ్ల పేర్లలో రాత్రి దాడి భాగం కింద నా పేరు తీసేసి వాడి పేరు పెట్టాను. వాడికింకా తెలియదు.